స్విచ్ మాట వినని లైటు

దేవరకొండలో కంటి దవాఖాన వెనక సందు. జాఫర్ కరెంటు పనుల షెడ్డు ముందు, చుక్క నీరు లేని చోట, ట్రాలీ మీద ఒక పోలీసు బోటు ఎండలో కూర్చుని ఉంది. బోటు మీద జాఫర్, కింద కానిస్టేబుల్ నాగేందర్, షెడ్డు నీడన మంచం మీద కళ్లు మూసుకుని సోమమ్మ. టైము మధ్యాహ్నం రెండున్నర అయితే, నాగేందర్ కంగారు చూస్తే అప్పుడే నాలుగైనట్టుంది.

"ఏది వెలిగింది జాఫర్ భాయ్? ఏం వెలగలే."

"మళ్ల ఒత్తు."

"ఒత్తిన."

"గట్టిగొత్తు."

"స్విచ్ ఇరిగేటట్టు ఒత్తుతున్న. ఎర్రది లేదు, నీలిది లేదు. నాలుగు గొట్టంగ ఎస్సై సారు వీడియో కాల్ చేస్తనన్నడు. ఏం చూపియ్యాలె నేను? నీ మొఖమా?"

"నా మొఖానికేమైంది? ఆగు తమ్మీ, ఆగు. ఇరవై రెండేండ్ల సంది గీ పని చేస్తున్న. మీ స్టేషను జీపుకు లైటు ఎవరు పెట్టిండ్రు?"

"నువ్వే."

"అంబులెన్సుకు?"

"నువ్వే పెట్టినవ్ గని..."

"దేవరకొండల కుయ్ కుయ్ అనే బండి ఏదన్న ఉంటే నా చేతి మీదికెల్లి పోవాల్సిందే. జీపుకు వెలిగినప్పుడు పడవకెందుకు వెలగది? ప్లస్ వైరు బ్యాటరీకెల్లి వస్తాంది. మైనస్ బాడీకిచ్చిన. ఇంకేం గావాలె దీనికి, దావతా?"

"నాకేం ఎరుక? జర జల్ది చూడు. రేపు పొద్దుగాల పెద్దసారు వస్తుండు, ఒడ్డు మీదనే కొత్త లైటుకు రిబ్బను కట్ చేస్తడు. సోమవారం సంది బోటు నీళ్లల్ల ఉండాలె."

"ముందుగాల నువ్వు ఒక్క కాడ నిలవడు. బోటు సుట్టు నువ్వు తిరుగుతుంటే నా తల తిరుగుతాంది. ఆఁ... దొరికింది. రంగు అడ్డమొస్తాంది. జీపుకైతే రంగు గీకి, ఇనుము తెల్లగ కనవడ్డంక మైనస్ బిగిస్తం. ముందట తాడు కట్టే కొండి ఉంది గదా, దాని కింద గీకుత. బ్లేడియ్యి."

"ఏడ గీకుతవ్?"

"ముక్కు కాడ."

"వద్దు."

"ఏంది వద్దు?"

"ముక్కు కాడ గీకొద్దు. మొన్ననే రంగేసిన. వెనక గీకు."

"వెనక మోటరుంది, బ్యాటరీ ఉంది. జాగా ఏడిది? రూపాయి బిళ్లంత గీకుత, మల్ల రంగు అద్దుత. ఎవ్వడు చూస్తడు?"

"వద్దంటున్న గద!"

"సరె సరె. గరం గాకు. కొండి గట్టిగున్నదో లేదో అయితే చూడనియ్యి. సుత్తె అందియ్యి. టక్... టక్... టక్. ఆ, గట్టిగనే ఉంది."

"ఎవర్రా అది? నాగేందరా! ఎవరు కొట్టిండ్రు?"

"ఏం లేదు పెద్దమ్మ. జాఫర్ భాయ్ కొండి కొట్టి చూస్తుండు. నువ్వు కండ్లు తెరవకు."

"తెరవలే కొడుకా. మూడు కొట్టి ఆపిండు, గందుకే అడిగిన. ఇంకోటి కొట్టుమను."

"ఇంకోటెందుకమ్మా?"

"మూడు కొట్టి ఆపితే దానికి వేరే అర్థముంటది నాయినా మా నీళ్ల మీద. చీకట్ల పుట్టిల, గా బుట్ట పడవల పోతుంటం. ఎదురుంగ ఏదో చప్పుడైతది. కనవడది. అప్పుడు తెడ్డు తోని పుట్టి అంచు మీద మూడు కొడ్తం. నేనున్న అని. ఎదురుంగ ఉన్నోడు రెండు కొడ్తడు. నేను గూడ ఉన్న, పక్కకు పోతున్న అని."

"ఎదురోడు కొట్టకపోతే?"

"కొట్టకపోతే ఎవ్వరు లేనట్టే. గాలి చప్పుడో, చేప ఎగిరిన చప్పుడో. మన వల మనం గుంజుకుంటం. మా మామ కాలం నుంచి గంతే. మూడు కొడితే జవాబియ్యనోడు ఆ నీళ్ల మీద లేడు. పగోడైన సరె, రెండు కొట్టినంకనే పోతడు."

"మంచిగుంది. మా రోడ్డు మీదైతే హారన్ కొడితే ఎదురోడు మన అవ్వను తిడ్తడు."

"పెద్దమ్మ, మాట్లాడకు. కండ్లల్ల ఏసిన మందు కారుతది."

"నోటితోని మాట్లాడితే కండ్ల మందెట్ల కారుతది కొడుకా?"

"డాక్టరు గంట సేపు కదలకుంట పండుకోమన్నడు. పండుకో."

"పండుకుంట, పండుకుంట. చూసినవా నాయినా, ఎట్ల అదిలిస్తడో? ఆయన పోయినకాంచి కన్నకొడుకు లెక్క చూస్తుండు. ఈ కండ్ల పొర తీయించాలని బోటు తోనే నన్ను గూడ ఏసుకోనొచ్చిండు. మా గిరి గూడ గింత పట్టించుకోడు."

"ఆయనకేమైందమ్మా?"

"పుట్టి బోర్లపడ్డది. శివరాత్రి ముంగట."

"మైసయ్యనా? పేపర్ల చదివిన. గాలికి పుట్టి తిరగవడ్డదని రాసిండ్రు."

"గాలికే అని రాసిండ్రు."

"నువ్వేడున్నవమ్మా అప్పుడు?"

"ఇంట్లనే ఉన్న నాయినా."

"అయ్యో. ఇన్నాలిల్లా. పండుకో అమ్మా, పండుకో. నీ నిద్ర చెడగొట్టిన."

"జాఫర్ భాయ్, ఇటు రా. మెల్లగ. ఒకటడుగుత."

"అడుగు."

"ఈ లైటుకు స్విచ్ లేకుంట చేయరాదా?"

"స్విచ్ లేకుంట ఎట్ల వెలుగుతది?"

"ఇంజను తాళం తిప్పంగనే వెలగాలె. ఇంజను నడిచినంత సేపు వెలగాలె. ఆర్పుదామన్న ఆరొద్దు."

"మొన్న మీ ఎస్సై సారు ఫోన్ల ఏం చెప్పిండు? స్విచ్ నా సీటు పక్కకే పెట్టు, ఎప్పుడంటే అప్పుడు బంద్ చేసుకుంట అన్నడు. పైనుంచి ఆర్డరొచ్చింది గాబట్టి లైటు పెట్టిస్తున్నడు. ఆయనకు లైటు కంటె స్విచ్చే ముద్దు."

"అవు. గందుకే అడుగుతున్న."

"ఎందుకు?"

"ఊకెనే అడిగిన. ఎందుకంటవేంది?"

"పోలీసు బోటు. ఎస్సై ఒకటి చెప్పె, కానిస్టేబుల్ ఒకటి చెప్పె. నడుమ నేనెవర్ని, మీ ఇద్దరి అత్తనా? కారణం చెప్తే ఆలోచిస్త."

"ఏం లేదు తియ్. చాయ్ పట్టుకొస్త. వైరు సంగతి చూడు. ముక్కు కాడ మాత్రం గీకకు."

"గీకను పో."

వద్దన్న చోటే చెయ్యి దురద పెడుతుంది. నాగేందర్ మూడు గ్లాసులతో సందు మలుపు తిరిగి వచ్చేసరికి జాఫర్ బోటు ముక్కు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"గీకినవ్."

"గీకిన."

"గీకొద్దన్న గదా భాయ్!"

"అరె, ముందుగాల చాయ్ కింద పెట్టు. గీకితే రెండు సంగతులు తెలిసినయ్. ఒకటి నాది, ఒకటి నీది. నాది ముందుగాల చెప్త, నవ్వకు. రంగు కింద ఇనుము లేదు. ఎంత గీకినా లేదు. ఇది ఫైబరు బోటు! ఇరవై రెండేండ్లు జీపుల కింద పండుకోని పండుకోని, బండి అంటే ఇనుమే అనుకున్న. ఇది నీళ్ల డ్రమ్ము లెక్క. దీనికి మైనస్ ఇస్తే కరెంటు ఏడికి పోతది? ఇంకో వైరు బ్యాటరీ దాక గుంజాలె, గంతే. పది నిమిషాల పని. గాడిదను నేను."

"గంతేనా? అయితే గుంజు, జల్ది గుంజు."

"గుంజుత. నీ సంగతి గూడ విను. రంగు కింద ఇనుము లేదు గని, తారు ఉంది."

"ఏ తారు?"

"నల్లగ, జిగటగ. వేలుకు అంటుతాంది చూడు. గోనె పీచు గూడ పట్టుకోని ఉంది. తెల్ల బోటుకు తారెందుకు పూసిండ్రు?"

"రోడ్డు మీద అంటినట్టుంది. ట్రాలీ మీద తెస్తుంటే."

"రోడ్డు తారు మనిషెత్తు లేసి, బోటు ముక్కుకు అంటి, దాని మీద మళ్ల రంగేసుకున్నదా?"

"చాయ్ సల్లారుతాంది."

"తారు దేనికి పూస్తరు తమ్మీ, మీ తాన?"

"తాగు భాయ్."

"నాకు నీళ్ల సంగతి తెల్వదు. ఈత రాదు, చేప ముల్లు తీసుడు గూడ సక్కగ రాదు. మా ఇంటామె అజీజా తీసి పెడ్తే తింట. గని నేను గూడ కృష్ణ ఒడ్డు రోడ్ల మీద తిరిగినోన్నే. ఎదురు బద్దలతోని అల్లుతరు, గోనె చుడ్తరు, బోర్లేసి తారు కాగవెట్టి పూస్తరు. దేన్నిరా?"

"గ్లాసియ్యి, వాపస్ ఇచ్చొస్త."

"దేన్ని?"

"పుట్టిని. మెల్లగ మాట్లాడు. పెద్దమ్మ..."

"కదుల్త లేదు. పండుకున్నది. ఆ పొద్దు ఈ బోటు మీద నువ్వున్నవా?"

"ఉన్న."

"ఇంకెవరు?"

"ఎస్సై సారు. ఇద్దరమే. అలివి వలలోల్లు దిగిండ్రని ఖబరొచ్చింది. అలివి వలంటే చేప పిల్లను గూడ ఇడవది, అడుగు దాక ఊడ్చుకపోతది. అవి బంద్. వాళ్లను పట్టుకోవాలని తెల్లారకముందే పోయినం. మబ్బు పట్టి ఉండె, కంటికి చెయ్యి కనవడది."

"లైటు?"

"అప్పుడు లైటేడిది? టార్చి ఉండె. సారు ఆర్పుమన్నడు. దొంగను పట్టవోయేటోడు డప్పు కొట్టుకుంట పోతడా అన్నడు. ఇంజను సన్నగ పెట్టుమన్నడు. గుట్ట కాడ మలుపు ఉంటది మా తాన. ఆ మలుపుల మూడు దెబ్బలు వినవడ్డయ్."

"ఏం దెబ్బలు? ఇందాక అమ్మ చెప్పిన..."

"అవే."

"నీకు వినవడ్డయ్."

"వినవడ్డయ్."

"నువ్వు ఆ ఊరోనివే గదా?"

"ఆ ఊరోన్నే. మైసయ్య పెద్దబాపే నాకు తెడ్డు పట్టుడు నేర్పిండు. పోలీసు నౌకరి వచ్చిననాడు ఊరంతటికి చేపల కూర పెట్టిండు. ఆయనే కొట్టిండు ఆ మూడు. నాకు తెలుసు గది ఆయన జాగా అని."

"మరి రెండు కొట్టలేకపోయినవా?"

"చెయ్యి లేసింది భాయ్. అల్లా మీద ఒట్టు, మా దేవుని మీద ఒట్టు, నీకు ఏది నమ్మకముంటె దాని మీద ఒట్టు. చెయ్యి లేసింది. సారు చూసిండు. చప్పుడు చేయకు అన్నడు. చెయ్యి దించిన."

"దించినవ్."

"దించిన. జవాబు రాలే గదా, ఎవ్వరు లేరనుకున్నడు పెద్దబాపు. ఆడనే ఉన్నడు. మలుపు తిరిగినంక సారు, 'ఇగ ఇంజను స్పీడు గుంజు' అన్నడు. గుంజిన. దడ్‌మని తాకింది."

"యా అల్లా. అప్పుడేం చేసిండ్రు?"

"సారు... సారు మొద్దు తాకింది, పా అన్నడు. మా తాన నీళ్ల కింద మునిగిన చెట్ల మొద్దులుంటయ్ శాన. అప్పుడప్పుడు తాకుతయ్. సారు మొద్దు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? సారు అన్నంక నేనేమంట?"

"మూడు దెబ్బలు నీ చెవులతోని విన్నవ్. మొద్దు అంటే నమ్మినవా?"

"సారు అన్నడు భాయ్! మొద్దు అన్నది సారు. నేను నోరు తెరవలే. పా అన్నడు, పోయిన."

"సరె. ఏడ్వకు. ఈ తువ్వాలు తీసుకో. గ్రీజు లేని కొస చూసి తుడుచుకో. మరి ఈ తారు మీ సారు చూసిండా?"

"చూడలే. ఒడ్డుకు కట్టేస్తుంటే నేనే చూసిన. కిరోసిన్ పోసి తుడిచిన, పోలే. రంగేసిన."

"సారుకు చూపియ్యలేదేంది?"

"ఇప్పుడదెందుకు?"

"అడుగుతున్న."

"పొద్దుగాల బోర్లపడ్డ పుట్టి దొరికింది. మూడో దినం మనిషి దొరికిండు. పంచనామ నేనే రాసిన. గాలి అని రాసిన. నా దస్తూరి మంచిగుంటదని స్టేషన్ల అన్ని నా తోనే రాపిస్తరు. చాలా? ఇంకేమన్న అడుగుతవా?"

"ఒకటడుగుత. ఆమెకు చెప్పినవా?"

"వారం వారం బీపీ గోలీలు తెచ్చిస్తున్న. ఇంటి మీద రేకులు మార్పిచ్చిన. ఈ కండ్ల ఆపరేషన్ గూడ నేనే..."

"నేను అడిగింది గది గాదు."

"చెప్పలే. ఎట్ల చెప్పాలె? కొడుకా అని పిలిచినప్పుడల్ల చెప్పాలనే అనుకుంట. పిలిచినంక గోలీలు చేతిల పెట్టి వాపస్ వస్త."

"హుఁ."

"నన్ను తిట్టు భాయ్, కొట్టు, గని వైరు గుంజుకుంట తిట్టు. మూడు దాటింది. సోమవారం సంది మళ్ల రాత్రి గస్తీ ఉంది. సారు మళ్ల అదే మలుపు కాడికి పోదామన్నడు, లైటు ఆర్పుకోని పోదామన్నడు. ఆ మలుపు కాడ ఇప్పుడు వలలెవరేస్తుండ్రో ఎరుకేనా నీకు?"

"ఎవరు?"

"గిరి. పెద్దమ్మ కొడుకు. ఒక్కడే కొడుకు. వాడు గూడ మూడు కొడ్తడు. జవాబు రాకపోతే ఆడనే ఉంటడు."

"సారు ఏమన్న అననియ్యి. ఈసారి నువ్వు రెండు కొట్టు."

"కొట్టేటోన్నయితే ఆ పొద్దే కొట్టకపోదునా? నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు జాఫర్ భాయ్. సారు కండ్లెర్రజేస్తే దిగుతది ఈ చెయ్యి. మళ్ల దిగుతది, నాకు తెలుసు. గందుకే నేను కొట్టకున్న, లైటు కొట్టాలె. ఆరని లైటు."

"తాళం నీ తాన ఉందా?"

"ఇగో."

"జేబుల పెట్టుకో. నేను చెప్పినదాక తియ్యకు. విను. స్విచ్ పెడ్త. సారు సీటు పక్కకే పెడ్త, ఎర్ర బుడ్డిది, మంచిగ మెరుస్తది. ఇంజను బందున్నప్పుడు లైటు స్విచ్ మాట వింటది. వెలుగు అంటే వెలుగుతది, ఆరు అంటే ఆరుతది. గని ఇంజను తాళం కెల్లి ఇంకో వైరు చాటుగ తెచ్చి లైటుకు కలుపుత. తాళం తిప్పితే ఆ వైరు మీద వెలుగుతది. అప్పుడు స్విచ్ ఒత్తినా, గుద్దినా ఆరది."

"నీళ్ల మీదికి పోయినంక సారుకు తెలుస్తది గదా?"

"తెలిస్తే ఏం చేస్తడు? బ్యాటరీ పీకేస్తడా? పీకితే ఇంజను స్టార్ట్ గాదు. వైరింగ్ కరాబైందని నువ్వు చెప్పు. రిపేరుకు నా తానకే తేవాలె. నేను సామాను హైదరాబాద్ కెల్లి రావాలె సార్ అంట. మా దగ్గర గా మాటకు ఎదురు మాట లేదు. నెల పోతది, రెండు నెలలు పోతది."

"దొరికిపోతే నీ షెడ్డు..."

"షెడ్డు సంగతి యాది చెయ్యకు, భయమైతాంది. పోలీసు బోటుల దొంగ వైరు! అజీజా వింటే ఇంట్లకు రానియ్యది. పట్టుకో, ఈ కొస పట్టుకో. నువ్వు చేసింది మాఫ్ చేస్తనని గాదు నేను చేసేది. మాఫ్ చేసేతందుకు నేనెవర్ని? ఆ పోరడు గిరి కోసం చేస్తున్న. గుంజు. ఇంకా గుంజు. చాలు."

"నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లు వద్దు, కటింగ్ ప్లేయరియ్యి."

నాలుగు కాకముందే ఫోన్ మోగింది. పెద్దవాళ్లకు తొందర ఎక్కువ.

"నమస్తే సార్. జాఫర్ భాయ్ షెడ్డు కాడనే ఉన్న సార్."

"ఏదిరా, చూపియ్యి. ఫోను కిందికి పట్టు. మబ్బులు చూపిస్తున్నవేంది?"

"ఇగో సార్. బోటు సార్."

"బోటు నేను చూడందా? లైటు ఎయ్యి."

"ఏసిన సార్."

"ఆఁ! అబ్బా, మంచిగున్నది. పెండ్లి బారాత్ లెక్క మెరుస్తాంది. బంద్ చెయ్."

"బంద్ సార్."

"మళ్ల ఎయ్యి. బంద్ చెయ్. శెభాష్. నాకు గదే గావాలె. ఎయ్యిమంటె ఎయ్యాలె, ఆపుమంటె ఆగాలె. మనిషైనా గంతే, లైటైనా గంతే. ఆ, ఇప్పుడు ఇంజను తాళం తిప్పు. ఇంజను మీద ఎట్ల వెలుగుతదో చూస్త."

"సార్... తాళం..."

"తాళమేమైంది?"

"తాళం సార్... అది..."

"సలాం సార్, నేను జాఫర్. నీళ్లు లేని కాడ ఈ ఇంజను తిప్పొద్దు సార్. ఇది నీళ్లు గుంజుకోని సల్లవడే ఇంజను. పొడిగ తిప్పితే లోపల రబ్బరు రెక్కలు కాలిపోతయ్. పెద్దసారు రిబ్బను కట్ చేసిన బోటును సోమవారమే తాడు కట్టి గుంజాల్సొస్తది."

"వద్దు వద్దు వద్దు! తిప్పకు. సోమవారం నీళ్ల మీదనే చూసుకుందాం. ఒరే నాగేందర్, రంగు గీకుకపోయినట్టున్నది ముందట, అద్దిపియ్యి."

"అద్దిపిస్త సార్."

"పెట్టేస్తున్న."

"పెట్టేసిండా?"

"పెట్టేసిండు."

"ఊపిరి తీసుకో తమ్మీ, ఇగ. తాళం తీసి ఒక్కసారి తిప్పు. స్టార్ట్ చేయకు, సగం తిప్పు. ఆఁ. ఇప్పుడు స్విచ్ ఒత్తు."

"ఒత్తిన. ఆరలే."

"మళ్ల ఒత్తు."

"ఆరలే! భాయ్, ఆరుత లేదు!"

"నీళ్ల డ్రమ్మైనా మాట మీద నిలవడ్డది. ఆపు, బ్యాటరీ దిగుతది."

"అయిపోయిందా కొడుకా?"

"పెద్దమ్మ! లేచినవా?"

"నేను పండుకోలే. రెప్పల లోపల ఎర్రగ, నీలిగ వచ్చి పోతుంటే చూస్తున్న. మంచిగున్నది. దూరానికి కనవడ్తదా నాయినా?"

"మలుపు అవతలికి గూడ కనవడ్తదమ్మా."

"గిరికి కనవడ్తదా?"

"పెద్దమ్మ... నువ్వు ఎప్పటిసంది మెలకువున్నవ్?"

"డాక్టరు కండ్లు మూసుకోమన్నడు గని చెవులు మూసుకోమనలే గద కొడుకా."

"పెద్దమ్మా! చెప్దామనుకున్న. మస్తుసార్లు అనుకున్న. గోలీలు ఇయ్యొచ్చిన ప్రతిసారి వాకిట్లకు వచ్చినంక..."

"లే. కాళ్లు ఇడువు. ఇప్పుడు చెప్పినవ్ గద, విన్న. జాఫర్ నాయినకు చెప్తే నాకు చెప్పినట్టే. అంత సక్కగనే చెప్పినవ్. రెండు మాటలు తప్ప."

"ఏ రెండు?"

"తెడ్డు కొట్టింది మీ పెద్దబాపు అన్నవ్."

"కాదా?"

"ఆయన రెండు చేతులల్ల వల ఉండె. ఎట్ల కొడ్తడు? నేను కొట్టిన."

"నువ్వా? నువ్వు ఇంట్ల..."

"ఇంట్ల ఉన్ననని ఊరందరికి చెప్పిన. ఇంకేం చెప్పాలె? పోలీసు బోటు తాకిందని పోలీసోల్లకే చెప్పాల్నా? ఉన్నదొక్క కొడుకు, వాడు గా నీళ్ల మీదనే బతకాలె. నీ గోలీలు మింగుకుంట, నీ రేకుల కింద పండుకుంట, వీడు ఒక్కనాడన్న తనంతట తాను చెప్పకపోతడా అని చూస్తనే ఉన్న."

"యా అల్లా..."

"బోర్లపడ్డంక వలకు కట్టిన థర్మకోల్ ముక్క దొరికింది. దాన్ని పట్టుకోని తేలిన. మీ ఇంజను సన్నగైంది. బోటు ఆగింది. నాలుగు బారల దూరం గూడ లేదు. నోటి నిండ నీళ్లు, అరుద్దామంటె గొంతు రాలే. నీ గొంతు వినవడ్డది. అమ్మయ్య, నాగేందరే, మనోడే, ఇగ వెనకకు తిప్పుతడు అనుకున్న. ఫికర్ లేదనుకున్న."

"వద్దు పెద్దమ్మ. ఇగ చెప్పకు. వద్దు."

"మీ సారు అడిగిండు. 'ఏం తాకిందిరా నాగేందర్, జర టార్చి ఎయ్యి' అన్నడు. మొద్దు అన్నది మీ సారు గాదు కొడుకా. నువ్వు."